సిమ్స్ విగ్రహాల వివాదం: సమ్మతి ఎవరిది?

బానిస స్త్రీలపై ఆపరేషన్ల ప్రయోగాలు చేసి పేరు తెచ్చుకున్న అమెరికా శస్త్రవైద్యుడు జేమ్స్ మారియన్ సిమ్స్ విగ్రహాలపై గొడవ లేచినప్పుడల్లా ఆయన సమర్థకులు చెప్పే మొదటి మాట, ఆయన్ని ఆయన కాలాన్ని బట్టే చూడాలని. న్యాయమైన మాటే. కాబట్టి ఆయన పుట్టుక, చదువు, 1876లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ అధ్యక్షుడు కావడం పక్కనపెట్టి, నేరుగా ఆయన వైద్యం చేసిన 1840ల నాటి మాంట్‌గొమరీకి, అంటే అలబామా రాష్ట్రంలోని నగరానికి, వెళ్దాం.

1845లో అనార్కా అనే పదిహేడేళ్ల బానిస యువతి మూడు రోజులుగా పురిటి నొప్పులు పడుతుంటే సిమ్స్‌ను పిలిపించారు. కాన్పు అయ్యాక ఆమెకు ఫిస్టులా ఏర్పడింది. మూత్రాశయానికి, యోనికి మధ్య ఉండే గోడ నలిగి రంధ్రం పడితే మూత్రం ఆగకుండా కారుతూనే ఉంటుంది, చర్మం ఒరుసుకుపోతుంది, వాసనకు ఎవరూ దగ్గరికి రారు. నమ్మదగిన చికిత్స అప్పటికి లేదు. ఇదే బాధతో లూసీ, బెట్సీ కూడా ఆయన దగ్గరికి చేరారు. ముగ్గురూ బానిసలే.

అసలు మలుపు ఇక్కడే ఉందని నా అభిప్రాయం. తన ఆవరణలో చిన్న ఆసుపత్రి ఏర్పాటు చేసిన సిమ్స్, ఈ స్త్రీల యజమానులతో ఒప్పందం కుదుర్చుకున్నారు. ప్రాణాపాయం ఉన్న ప్రయోగం చేయనని ఆయన హామీ. తిండి, వసతి ఆయన చూసుకుంటారు. బానిసలపై కట్టాల్సిన పన్ను, బట్టల ఖర్చు యజమానులవి. శత్రువులు కల్పించిన మాటలు కావివి. సిమ్స్ మరణానంతరం 1884లో వెలువడిన ఆయన ఆత్మకథలోనే ఉన్నాయి. ఒప్పందంలో ఇరుపక్షాలూ కనిపిస్తాయి, కోత పడే మనిషి మాత్రం కనిపించదు.

మొదటి ఆపరేషన్ లూసీకి. చుట్టూ డాక్టర్లు చూస్తుండగా, మోకాళ్ల మీద ఒంగి, మత్తు లేకుండా సుమారు గంటసేపు ఆమె భరించింది. మూత్రం పీల్చుకోవడానికి లోపల ఉంచిన స్పాంజి వల్ల విషజ్వరం కమ్మి చావు అంచుకు వెళ్లింది. కోలుకోవడానికి నెలలు పట్టింది. వైఫల్యాలు పెరిగేకొద్దీ సహాయం చేసే డాక్టర్లు ఒక్కొక్కరే తప్పుకున్నారు. ఆ పని ఈ స్త్రీలకే వచ్చింది. ఒకరిపై ఆపరేషన్ జరుగుతుంటే మిగిలినవారు పట్టుకునేవారు, అందించేవారు. అనార్కాకు సుమారు ముప్పై ఆపరేషన్లు జరిగాయి. చివరికి 1849లో, వెండి తీగతో వేసిన కుట్లు నిలిచాయి. 1852లో అచ్చయిన వ్యాసం సిమ్స్‌కు పేరు తెచ్చింది. వంచిన చెంచాతో మొదలైన ఆయన స్పెక్యులం, అంటే యోని లోపలి భాగాన్ని పరీక్షించే పరికరం, నేటికీ మన ప్రసూతి ఆసుపత్రుల్లో వాడుకలో ఉంది.

సమర్థకుల వాదన రెండు అంశాలపై నిలుస్తుంది. మత్తుమందు అప్పటికి లేదు, ఆ స్త్రీలే నయం చేయమని వేడుకున్నారు. మొదటిది సగమే నిజం. ఈథర్‌ను మత్తుమందుగా వాడి చూపిన ప్రదర్శన బోస్టన్‌లో 1846 అక్టోబరులో జరిగింది, మాంట్‌గొమరీ ప్రయోగాలు ఆ తర్వాత రెండున్నరేళ్లకు పైగా సాగాయి. మత్తు ఇచ్చే శ్రమకు, ప్రమాదానికి తగినంత నొప్పి ఈ ఆపరేషన్‌లో లేదని సిమ్స్ 1857లో బహిరంగంగా అన్నారు. లూసీ పడిన యాతన విపరీతమైనదని రాసిందీ ఆయనే. రెండో అంశం నమ్మదగినదే. అంత బాధలో ఉన్నవారు నయం కావాలని కోరుకోరా? అయితే పదో ఆపరేషన్ ముందు వద్దంటే ఆగేదా అన్నదానికి ఆయన రాతల్లో జవాబు లేదు. ఆ స్త్రీల సొంత మాట ఒక్కటీ మిగల్లేదు.

న్యూయార్క్‌లో 1894లో నిలిపిన విగ్రహాన్ని 1934లో సెంట్రల్ పార్క్ అంచుకు, మెడికల్ అకాడమీ ఎదురుగా మార్చారు. ఏళ్ల తరబడి స్థానికులు, ముఖ్యంగా నల్లజాతి మహిళలు పోరాడాక 2018 ఏప్రిల్‌లో తొలగించారు. మాంట్‌గొమరీలో మాత్రం 1939లో అలబామా శాసనసభ భవనం దగ్గర పెట్టిన విగ్రహానికి కొత్త రక్షణ దొరికింది. నలభై ఏళ్లు దాటిన స్మారకాలను ప్రభుత్వ స్థలాల నుంచి తీయకూడదని ఆ రాష్ట్రం 2017లో చట్టం చేసింది. అదే నగరంలో కళాకారిణి మిషెల్ బ్రౌడర్ 2021లో అనార్కా, లూసీ, బెట్సీల లోహ విగ్రహాలు నిలబెట్టారు. ప్రభుత్వ స్థలంలో ఉన్న సిమ్స్ విగ్రహం తొలగాలంటే మాత్రం ముందు ఆ చట్టం మారాలి.