చేతికంటిన రెజిన్‌కు అసిటోన్ మందు కాదు: అపోహలు - వాస్తవాలు

ఎపాక్సీ రెజిన్‌తో, అంటే హార్డనర్ అనే రెండో ద్రవం కలిపితే గట్టిపడే జిగురు ద్రవంతో, పెళ్లిదండలను భద్రపరచడం, కీచైన్లు, గోడ గడియారాలు చేయడం నేర్పే తరగతుల్లో, మొదటి పోత పూర్తికాగానే ఎవరో ఒకరు జిగురంటిన వేళ్లు చూపించి "అసిటోన్ ఎక్కడుందండీ?" అని అడుగుతారు. నెయిల్ పాలిష్ రిమూవర్లలో ఉండే ద్రావకమే ఈ అసిటోన్. ఏదో వీడియోలో చూశామంటారు. ఈ పనిలో మనుషులకు అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే అలవాటు ఇదే కాబట్టి ముందుగా దీని సంగతే చెబుతాను.

అపోహ: చేతికి రెజిన్ అంటితే థిన్నర్‌తోనో నెయిల్ పాలిష్ రిమూవర్‌తోనో తుడిచేస్తే సరిపోతుంది.

వాస్తవం: అసిటోన్ రెజిన్‌ను పలచన చేస్తుందే తప్ప మాయం చేయదు. చర్మాన్ని కాపాడే సహజమైన నూనెను కడిగివేసి, పలచబడిన రెజిన్‌నూ హార్డనర్‌నూ చేయంతా పరచి, అవి లోపలికి దిగడానికి దారి ఇస్తుంది. గట్టిపడని ఎపాక్సీ, అందులో కలిపే అమీన్ అనే రసాయన రకం హార్డనర్ రెండూ అలర్జీ కలిగించేవే. నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి ఏ ఇబ్బందీ లేకుండా పనిచేసినవారికి కూడా ఒకరోజు వేళ్ల మధ్య దురదతోనో కనురెప్పల వాపుతోనో అది బయటపడుతుంది. ఒకసారి వస్తే సాధారణంగా జీవితాంతం ఉంటుంది, ఆపైన కొంచెం తగిలినా చాలు. అందుకే "ఇన్నాళ్లుగా నాకేమీ కాలేదు" అన్న మాటను నేను సాక్ష్యంగా తీసుకోను.

నా దగ్గర నేర్చుకుని ఇంట్లోనే ఆర్డర్లు చేస్తున్న ఒకావిడ రోజూ పని ముగించి థిన్నర్‌తో చేతులు కడుక్కునేవారు. కనురెప్పలు వాస్తుంటే ముఖానికి రాసుకునే క్రీములను అనుమానించి ఒక్కొక్కటే మార్చి చూశారు. చివరకు ప్యాచ్ టెస్టులో (అనుమానమున్న పదార్థాలను చర్మం మీద అంటించి చూసే అలర్జీ పరీక్షలో) కారణం ఎపాక్సీ అని తేలేసరికి, ఒప్పుకున్న దండలన్నీ వేరొకరికి అప్పగించవలసి వచ్చింది.

ఇప్పటికే ఒకటి రెండుసార్లు అసిటోన్‌తో తుడుచుకున్నవారు హడలిపోనక్కరలేదు. ఇకమీదట మానేయండి, దురదో ఎర్రదనమో కనిపిస్తే పని ఆపి, చర్మవైద్యులకు ఎపాక్సీ వాడుతున్న సంగతి తప్పకుండా చెప్పండి. చేతికంటినప్పుడు ముందు పొడి టిష్యూతో తుడిచి, కాస్త వంటనూనె రాసి జిగురు వదిలించి, దాన్నీ తుడిచేసిన తరువాత సబ్బుతో, గోరువెచ్చని నీటితో కడుక్కోవాలి. మెకానిక్‌లు వాడే హ్యాండ్ క్లీనర్ ఉంటే మరీ మంచిది. నైట్రైల్ (ఒక రకం కృత్రిమ రబ్బరు) గ్లోవ్స్ తప్పనిసరి. అయితే ఆ పలచని గ్లోవ్స్‌లోంచి కూడా అసిటోన్ కొద్ది నిమిషాల్లోనే లోపలికి చేరుతుంది, కనుక తడిస్తే వెంటనే మార్చాలి.

అపోహ: పనిముట్లకైనా అసిటోన్ తప్పదు.

వాస్తవం: గట్టిపడని రెజిన్‌ను గరిటెల మీద నుంచి టిష్యూతో బాగా తుడిచేస్తే, మిగిలిన పొరకు తెల్ల వెనిగర్ చాలు. తరువాత నీటితో కడిగి పూర్తిగా ఆరబెట్టండి, తేమ తరువాతి పోతను పాడుచేస్తుంది. సిలికాన్ కప్పులనైతే కడగనే వద్దు. మర్నాటికి గట్టిపడిన పొర దానంతటదే ఊడి వస్తుంది.

అపోహ: అసిటోన్‌కు బదులు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే, అది శానిటైజర్‌లో వాడేదే కాబట్టి భయం లేదు.

వాస్తవం: అసిటోన్ ఆవిరి మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర, ఐసోప్రొపైల్ ఆవిరి దాదాపు 12 డిగ్రీల దగ్గర నిప్పు తగిలితే అంటుకోగలవు. అంటే మన ఇళ్లలో ఏ కాలంలోనైనా రెండూ ప్రమాదమే. ఆ ఆవిరి గాలికన్నా బరువైనది కనుక నేలబారుగా పాకి పొయ్యినో దేవుడి గదిలోని దీపాన్నో చేరగలదు. వంటింట్లో ఈ పని పెట్టుకునేవారికి నేనేం చెప్పాలో తెలియదు.

అపోహ: నారింజ తొక్కల నుంచి తీసిన క్లీనర్ సహజమైనది, హాని చేయదు.

వాస్తవం: అందులోని లిమొనీన్ గాలి తగిలి పాతబడితే అదీ అలర్జీ కలిగిస్తుంది, మంటా అంటుకుంటుంది.

ఇక పూర్తిగా గట్టిపడిన ఎపాక్సీని అసిటోన్ కరిగించలేదు. హీట్ గన్‌తో (వేడిగాలి ఊదే పనిముట్టుతో) మెత్తబరచి గీకడమే మార్గం. మిగిలిపోయిన మిశ్రమాన్ని సింకులో పోయకుండా పలచగా పరచి గట్టిపడనిచ్చి పారేయండి, ఎందుకంటే కప్పులోనే ముద్దగా వదిలితే అది పొగలు వచ్చేంత వేడెక్కుతుంది.