స్టార్టప్ సాఫ్ట్‌వేర్ నిర్మాణం: అపోహలు - వాస్తవాలు

కొత్త కంపెనీల సాఫ్ట్‌వేర్‌ను పరిశీలించి సలహా ఇవ్వడం నా వృత్తి. వాడుకరులు ఇంకా పదుల సంఖ్యలో ఉండగానే కోట్లమందికి సరిపడే వ్యవస్థను కట్టబూనడం నాకు తరచుగా కనిపించే జబ్బు.

అపోహ: మొదటి రోజునుంచే మైక్రోసర్వీసులుగా, అంటే విడివిడిగా నడిచే చిన్న ప్రోగ్రాములుగా విడదీయకపోతే, రద్దీ పెరిగినప్పుడు అంతా కూలిపోతుంది.

వాస్తవం: ముందు లెక్క వేసి చూడాలి. రోజుకు 10 లక్షల రిక్వెస్టులు వచ్చినా సెకనుకు సగటున 12 దాటవు. రద్దీ వేళల్లో అది పది రెట్లయినా, సరైన ఇండెక్సులున్న (వెతుకులాటను వేగం చేసే సూచికలు) ఒక్క పోస్ట్‌గ్రెస్ డేటాబేసు సర్వరు మామూలు వెబ్‌సైటుకు ఆ భారాన్ని మోయగలదు. ఇన్‌స్టాగ్రామ్ 2010 అక్టోబరులో ఒకే సర్వరు మీద మొదలైంది. తాకిడి తట్టుకోలేకపోయినప్పుడు అమెజాన్ క్లౌడ్‌కు మారింది, డేటా పెరిగాక పోస్ట్‌గ్రెస్ డేటాను ముక్కలుగా పలు సర్వర్లకు పంచింది. 2012 ఏప్రిల్‌లో ఫేస్‌బుక్ కొనుగోలును ప్రకటించేనాటికి దాని వాడుకరులు సుమారు 3 కోట్లు, ఉద్యోగులు 13 మంది. విడదీయడానికి చెల్లించే మూల్యం మాత్రం మొదటి రోజే మొదలవుతుంది: ఆర్డరు నమోదు, సరుకు నిల్వ తగ్గింపు, కూపన్ వాడకం ఒకే డేటాబేసులో ఉంటే ఒక్క ట్రాన్సాక్షన్‌తో (జరిగితే అన్నీ, లేకపోతే ఏదీ కాదు) ముగిసే పని, మూడు సర్వీసులైన మరుక్షణం, ఒకటి జరిగి మరొకటి జరగని స్థితులన్నిటినీ మనమే వెతికి సరిదిద్దుకోవలసిన పనిగా మారుతుంది. అమెజాన్ ప్రైమ్ వీడియోలోని ఒక బృందమే తమ వీడియో నాణ్యత పరిశీలన వ్యవస్థను విడివిడి భాగాలనుంచి ఒకే అప్లికేషన్‌గా మార్చి, ఖర్చు 90 శాతానికి పైగా తగ్గిందని 2023లో వెల్లడించింది.

అపోహ: తొందరపాటు ఆప్టిమైజేషన్ (కోడ్ వేగం పెంచే మెరుగులు) అనర్థమని కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ క్నూత్ అన్నాడు కాబట్టి, వేగం గురించి ఆలోచించనే కూడదు.

వాస్తవం: 1974 నాటి ఆ వ్యాసంలో ఆయన, చిన్నచిన్న పొదుపులను సుమారు 97 శాతం సందర్భాల్లో మరచిపొమ్మంటూనే, కీలకమైన ఆ 3 శాతాన్ని వదులుకోవద్దని కూడా చెప్పాడు. ఆ సగాన్ని ఎవరూ ఉటంకించరు! ఏది కీలకమో ఊహతో కాక, కోడ్‌లో సమయం ఎక్కడ పోతోందో కొలిచే ప్రొఫైలర్‌తోనే తేలాలి. నేను చూసిన వాటిలో దోషి చాలావరకు ఇండెక్సు లేని కాలమ్, లేదా జాబితాలోని ప్రతి వరుసకూ డేటాబేసును మళ్లీ మళ్లీ అడిగే లూప్; రెండూ ఒక పూటలో సరిచేయదగినవే.

అపోహ: మనుషులు చేతితో చేసే పని ఉంటే అది నిజమైన టెక్ కంపెనీ కాదు.

వాస్తవం: 2013లో ఆహార డెలివరీ కంపెనీ డోర్‌డాష్ వ్యవస్థాపకులు పీడీఎఫ్ మెనూలు పెట్టిన సాదా పేజీతో మొదలుపెట్టి, ఆర్డర్లను స్వయంగా మోసుకెళ్లారు.

అపోహ: అయితే దేన్నైనా తర్వాత మార్చుకోవచ్చు.

వాస్తవం: కోడ్‌ను మార్చుకోవచ్చు, పాడైన డేటాను బాగుచేయడం కష్టం. అందుకే డబ్బును దశాంశ భిన్నాలుగా ఫ్లోట్‌లో (సంఖ్యను ఉజ్జాయింపుగా దాచే పద్ధతి) కాక పైసల్లో పూర్ణాంకాలుగా, సమయాన్ని యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం), పాస్‌వర్డులను హ్యాష్ చేసి (తిరిగి చదవలేని రూపంలోకి మార్చి) భద్రపరచడం మొదటి రోజు పనులే. వీటిని అతిగా కట్టడమని ఎవరూ అనలేరు. బ్యాకప్‌లు తీస్తున్నామని చెప్పే బృందాన్ని, వాటినుంచి డేటాబేసును చివరిసారి ఎప్పుడు పునరుద్ధరించి చూశారని అడుగుతాను. జవాబు రాకపోతే ఆ రోజుకు కుబెర్నెటిస్ (అనేక సర్వర్లమీద ప్రోగ్రాములను నడిపించే వ్యవస్థ) చర్చను వాయిదా వేయిస్తాను.