కీ ఇచ్చినా క్రోనోమీటర్ కదలట్లేదా? ముందు నూనె సీసా పక్కన పెట్టండి

మెరైన్ క్రోనోమీటర్ అంటే సముద్రంలో ఓడ ఎక్కడుందో లెక్కకట్టేందుకు వాడే కచ్చితమైన గడియారం. దానికి కీ నిండా ఇచ్చినా ముల్లు కదలకపోతే చాలామంది గుండె జారిపోతుంది. లక్షలు పెట్టిన వస్తువు మరి. పక్కనే ఎవరో "ఓ చుక్క నూనె వేయండి" అంటారు. అసలు నష్టం అక్కడే మొదలవుతుంది.

స్ప్రింగ్ డిటెంట్ (చక్రాన్ని ఆపి పట్టుకునే సన్నని స్ప్రింగ్ కొక్కెం) ఉన్న మెరైన్ క్రోనోమీటర్ తనంతట తాను మొదలవదు. బ్యాలెన్స్ (అటూ ఇటూ ఊగే చక్రం) ఊగితేనే డిటెంట్ ఎస్కేప్ వీల్‌ని, అంటే ఒక్కో పన్ను చొప్పున కదిలే చక్రాన్ని, వదులుతుంది. ఆ మొదటి ఊపు మనమే ఇవ్వాలి. ముందు బ్యాలెన్స్ కింద రవాణాకి పెట్టిన బెండు ముక్కలు ఉండిపోయాయేమో చూడండి. తర్వాత గింబల్స్ (ఓడ ఊగినా గడియారాన్ని మట్టంగా ఉంచే రింగులు) లాక్ చేసి, పెట్టెను బల్ల మీదే పావు చుట్టు చురుగ్గా తిప్పి ఆపండి. ఒక్కసారి చాలు, నడుస్తున్నప్పుడు మళ్ళీ తిప్పితే అది ట్రిప్ అవుతుంది, అంటే ఒక్క ఊపుకి ఒకటికి మించి పళ్ళు జారిపోతాయి. ముల్లుని వెనక్కి జరపొద్దు. 3:20 దగ్గర ఆగి ఉంటే గ్రీనిచ్ టైమ్ 3:20 అయ్యేదాకా ఆగి, అప్పుడు ఊపు ఇవ్వండి.

నూనె పివట్లకే, అంటే చక్రాల ఇరుసు కొనలకే. డిటెంట్‌కి, ఎస్కేప్ వీల్ పళ్ళకి, బ్యాలెన్స్ స్ప్రింగ్‌కి తగలకూడదు. దుమ్ముతో కలిసి జిగురై డిటెంట్‌ని పట్టేస్తుంది, నడక చెడుతుంది. ఇక కీ బలం ఉండగానే బ్యాలెన్స్ తీశారా, డిటెంట్‌కి వేలు తగిలినా చక్రాలు విరుచుకుపడతాయి, పళ్ళో లోపలి రత్నపు రాయో విరుగుతుంది. మెయిన్ స్ప్రింగ్ పూర్తిగా వదిలినా ఫ్యూజీ (గొలుసు చుట్టుకునే శంకు ఆకారపు చక్రం) లోని మెయింటైనింగ్ పవర్, అంటే కీ ఇచ్చేటప్పుడు గడియారం ఆగకుండా నడిపే చిన్న స్ప్రింగ్ బలం, మిగిలే ఉంటుంది. దాని క్లిక్ (వెనక్కి తిరగకుండా ఆపే కొక్కెం) కూడా ఎత్తి వదిలాకే బ్యాలెన్స్ జోలికి వెళ్ళాలి.

"56 గంటలు నడుస్తుంది కదా, రోజూ కీ ఎందుకు?" స్ప్రింగ్‌లో రోజూ ఒకే భాగం పనిచేస్తే నడక నిలకడగా ఉంటుంది. గడియారం ఉండే గిన్నెను మెల్లగా తిరగేసి, కీని అర చుట్టు చొప్పున ఏడున్నర సార్లు ఎడమ వైపుకి, చివరిది నిదానంగా తిప్పాలి.

రోజుకి రెండు సెకన్లు ముందుకెళ్తే చెడినట్టు కాదు, రోజూ అవే రెండైతే చాలు. నావికుడు లెక్కలో తీసేస్తాడు. ఒక రోజు రెండు, మరో రోజు ఆరు అయితేనే భయపడాలి. 4 సెకన్ల తప్పు ఉంటే ఓడ స్థానం లెక్కలో భూమధ్యరేఖ దగ్గర ఒక నాటికల్ మైలు తేడా.

లోపల ఉండేది 18వ శతాబ్దపు ఇంగ్లిష్ గడియారాల తయారీదారు జాన్ హారిసన్ డిజైన్ అనుకోవడమూ పొరపాటే. ఆయన ప్రసిద్ధ సముద్ర గడియారం హెచ్4 లో ఉన్నది డిటెంట్ కాదు, ఈ పెట్టెల్లోని స్ప్రింగ్ డిటెంట్ లండన్ తయారీదారు థామస్ ఎర్న్‌షా దారి. డయల్ మీది పేరు తరచూ అమ్మినవారిదే. చాలా బ్రిటిష్ క్రోనోమీటర్ల ముడి యంత్రం అప్పటి లాంకషైర్‌లోని ప్రెస్కాట్‌లో పుట్టి, లండన్‌లో పూర్తయింది. రెండో ప్రపంచ యుద్ధ కాలపు అమెరికన్ హామిల్టన్ మోడల్ 21 మీద మాత్రం ఆ పేరే తయారీదారుది.