క్వేజార్ వెలుగులో గుంటలు: అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో డిగ్రీ పిల్లలకు క్వేజార్ (చాలా దూరాన, భారీ కృష్ణబిలం చుట్టూ మిరుమిట్లు గొలిపే గెలాక్సీ కేంద్రం) వర్ణపటం, అంటే ఏ రంగులో ఎంత వెలుగుందో చెప్పే గ్రాఫ్ చూపించిన ప్రతిసారీ మొదటి ప్రశ్న ఇదే: "సార్, మధ్యలో ఈ గుంటలేంటి?" నా పనంతా ఆ గుంటల మీదే. ఏదో వాయువు ఆ రంగు వెలుగును మింగేసిన చోట్లవి, వాటినే శోషణ రేఖలంటాం.

అపోహ: అవన్నీ క్వేజార్‌వే.

వాస్తవం: కొన్ని దానివే. చాలావరకు దారిలో పడినవి. చలికాలం రాత్రి అలిపిరిలో నిలబడి గాలిగోపురం వైపు చూడండి. మంచు పట్టిందంటే అక్కడి శంఖుచక్రాల దీపాలు మసకబారతాయి. దీపాలు బాగానే ఉన్నాయి, మధ్యలో మంచు అడ్డొచ్చింది. క్వేజార్ మాకు అలాంటి దీపం. గెలాక్సీల చుట్టూ విస్తరించిన వాయువే ఈ గీతలు వేస్తోందని ఖగోళ శాస్త్రవేత్తలు బాకాల్, స్పిట్జర్ 1969లోనే ప్రతిపాదించారు. 1986లో జాక్లీన్ బెర్జెరాన్ అలాంటి ఒక గెలాక్సీని గుర్తించి చూపించారు.

అపోహ: ఫొటోలో క్వేజార్ పక్కనున్న గెలాక్సీయే కారణం.

వాస్తవం: నేనూ ఇక్కడే బోల్తా పడ్డాను. క్వేజార్‌ని ఆనుకుని చక్కటి స్పైరల్ గెలాక్సీ కనిపిస్తే, అదేనని నమ్మి వారం రోజులు దాని మీదే కూర్చున్నాను. తీరా దాని వర్ణపటం వచ్చాక చూస్తే, అది మనకు చాలా దగ్గరది. ఆ గుంటతో దానికి ఏ సంబంధమూ లేదు.

గుంటకీ గెలాక్సీకీ సంబంధం తేల్చే లెక్క ఎలాగంటే: మెగ్నీషియం జంట గీతలు ల్యాబ్‌లో 2796, 2803 ఆంగ్‌స్ట్రామ్‌ల (తరంగదైర్ఘ్యం కొలిచే చిన్న కొలమానం) దగ్గర ఉంటాయి. క్వేజార్ వర్ణపటంలో అవి దాదాపు 4194, 4205 దగ్గర దొరికాయనుకోండి. భాగిస్తే రెండింటికీ 1.5 వస్తుంది, ఒకటి తీసేస్తే రెడ్‌షిఫ్ట్ 0.5. విశ్వం వ్యాకోచించడం వల్ల వెలుగు తరంగం ఎంత సాగిందో చెప్పే అంకె అది, ఎంత ఎక్కువైతే అంత దూరం. ఇప్పుడు అనుమానం ఉన్న గెలాక్సీలో, 3727 దగ్గర ఉండాల్సిన ఆక్సిజన్ గీత 5590 ప్రాంతానికి జరిగిందా చూడాలి. జరిగితే సరే. 5200 దగ్గర ఉంటే ఆ గెలాక్సీని వదిలేయాల్సిందే, ఎంత అందంగా ఉన్నా.

అపోహ: వెలుగు గెలాక్సీ మధ్యలోంచి వస్తేనే గీత పడుతుంది.

వాస్తవం: అక్కర్లేదు. రెడ్‌షిఫ్ట్ 0.5 దగ్గర ఆకాశంలో 5 ఆర్క్‌సెకన్ల (ఒక్కోటి డిగ్రీలో 3600వ వంతు) దూరం అంటే సుమారు లక్ష కాంతి సంవత్సరాలు. అంత దూరంలోనూ గెలాక్సీ వాయువు ఉంటుంది.

అపోహ: రెడ్‌షిఫ్ట్ కుదిరిందంటే కేసు తేలినట్టే.

వాస్తవం: చిలీలోని వీఎల్‌టీ టెలిస్కోప్‌కి మ్యూజ్ అనే పరికరం ఉంది. ఒక ఆర్క్‌నిమిషం (60 ఆర్క్‌సెకన్లు) చదరంలో ప్రతి చుక్కకీ విడిగా వర్ణపటం తీస్తుంది. అలా వెతికితే ఒకే రెడ్‌షిఫ్ట్‌లో రెండు మూడు గెలాక్సీలు బయటపడటం మామూలే. క్వేజార్ వెలుగు జిగేల్‌లో దాక్కున్న చిన్న గెలాక్సీ అసలు కంటపడకపోవచ్చు కూడా. అందుకే "కారణమైన గెలాక్సీ" అని రాయడానికి నాకు చెయ్యి రాదు, "సంబంధం ఉన్న గెలాక్సీ" అనే రాస్తాను.

అపోహ: పెద్ద టెలిస్కోప్ లేనిదే ఈ పని నేర్చుకోలేం.

వాస్తవం: ఆకాశాన్ని పెద్దఎత్తున గాలించిన స్లోన్ సర్వే వర్ణపటాలు ఉచితం, మామూలు ల్యాప్‌టాప్ చాలు. ముందు మెగ్నీషియం జంటని వెతకండి. ఎడమ గీత కుడిదానికన్నా స్పష్టంగా బలహీనంగా ఉంటే అది వేరే ఏదో అని అనుమానించి, లెక్క మళ్లీ చూసుకోండి.