నానోసెకండు వెడల్పున్న గది

వేసవి సెలవులకు కడప వచ్చిన మా మేనకోడలు, దసరా కొలువులో పెట్టుకోవడానికి ఒక బొమ్మరిల్లు చేసిపెట్టమంది. చెక్కపని నాది, లోపలి సింగారం తనది అని ఒప్పందం. గది వెడల్పు 30 సెంటీమీటర్లు, లోతు 25, ఎత్తు 24. లోపలికి చూడటానికి ముందువైపు గోడ లేకుండా వదిలేశాను. బొమ్మరిళ్ళకు ఎక్కువగా వాడే కొలత పన్నెండో వంతు. అసలు ఇంట్లో అడుగైతే బొమ్మరింట్లో అంగుళం. ఇంగ్లండులోని విండ్సర్ కోటలో ఉన్న క్వీన్ మేరీ బొమ్మరిల్లు, 1924లో పూర్తయినది, ఈ లెక్కతో కట్టిందే. ఆ లెక్కన మాది సుమారు 12 అడుగుల హాలు.

అందులో గుండ్రటి భోజనబల్ల వేస్తే బొమ్మలు తిరగడానికి చోటు మిగలలేదు. అప్పుడు పాపకు వచ్చిన ఆలోచన నాకు ఎంతో నచ్చింది. "మామా, బల్లను సగానికి కోసేద్దాం. గోడకు అద్దం అంటిస్తే మిగతా సగం అందులోంచి వస్తుంది కదా!"

వస్తుంది. వస్తువు చదునైన అద్దానికి ఎంత ముందుంటే ప్రతిబింబం అంత వెనక ఉన్నట్టు కనిపిస్తుంది, పరిమాణం కూడా అంతే ఉంటుంది. కొండ అద్దంలో కొంచెమవుతుందని మనం చిన్నప్పటినుంచి వింటున్నాం. మా మిద్దె మీద నిలబడి చూస్తే అరచేతిలో ఇమిడే అద్దపు ముక్కలో పాలకొండల వరస మొత్తం పట్టేస్తుంది, నిజమే. కాని కొండ చిన్నదవలేదు. అద్దం ఒక కిటికీ లాంటిది. దాని అవతల, అసలు కొండ ఎంత దూరంలో ఉందో అంత దూరంలోనే, అంతే పెద్ద కొండ నిలబడినట్టు ఉంటుంది. కిటికీలోంచి కొండను చూడటానికి కిటికీ కొండంత ఉండనక్కర లేదు. బొమ్మల హాలుకు ఒక గోడ అద్దమైతే ఆ గోడ పోయి, అవతల సరిగ్గా అలాంటిదే ఇంకో హాలు తెరుచుకుంటుంది. 12 అడుగులు 24 అవుతాయి.

పటాలు కట్టే కొట్టులో 3 మిల్లీమీటర్ల అద్దం కోయించి తెచ్చాను. చేతులు తెగకుండా అంచులను తడిపిన గరుకు కాగితంతో రుద్దాను. ఎడమ గోడకు నిలబెట్టి, సగం బల్లను ఆనించాం. బల్ల గుండ్రంగా రాలేదు. రెండు సగాల మధ్య ఒక సందు. నేల మీద గీసిన పలకల గీతలు కూడా గోడ దాకా వచ్చి తెగిపోయి, సందు దాటాక మళ్ళీ మొదలయ్యాయి. కొలిస్తే 4 మిల్లీమీటర్లు.

అద్దం అనేది నిజానికి రెండు వస్తువుల జత. ప్రతిబింబం ఇచ్చేది వెనక ఉన్న వెండి లేదా అల్యూమినియం పూత. ముందున్న గాజు ఆ పూతకు ఆధారం, కాపలా. ఒకప్పుడు తగరాన్ని పాదరసంతో కలిపి గాజు వెనక పట్టించేవారు. ఆ పని చేసినవారి ప్రాణాలను పాదరసపు ఆవిరి తోడేసేది. 1835లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త యుస్టుస్ ఫాన్ లీబిగ్ వెండి లవణం ద్రావణం నుంచి గాజు మీద పలుచని వెండి పొరను పేరబెట్టే దారి చూపించాడు. మన ఇంటి అద్దాలు ఆ దారిలో వచ్చినవే. సరే, మా బల్ల గాజుకు ఆనింది గాని పూతకు ఆనలేదు. మధ్యలో 3 మిల్లీమీటర్ల గాజు ఉంది. వెళ్ళడానికి 3, తిరిగి రావడానికి 3, మొత్తం 6 మిల్లీమీటర్ల సందు కనిపించాలి. కాని నీళ్ళు నిండిన తొట్టి అడుగు పైకి తేలినట్టు కనిపిస్తుంది చూడండి, అలాగే గాజు వెనక ఉన్న పూత కూడా కొంత ముందుకు జరిగినట్టు ఉంటుంది. కాంతిని గాజు ఎంత వంచుతుందో చెప్పే సంఖ్య, దాని వక్రీభవన గుణకం, సుమారు 1.5. ఆరును ఒకటిన్నరతో భాగిస్తే 4. మీ ఇంట్లోని అద్దానికి పెన్సిలు మొన ఆనించి చూడండి. మొనకూ దాని ప్రతిబింబానికీ మధ్య కనిపించే ఎడంలో ముప్పాతిక వంతు ఆ గాజు మందం.

నిలువుటద్దం ముందు తల దువ్వుకునేటప్పుడు ఈ 4 మిల్లీమీటర్లు ఎవరికీ పట్టవు. బొమ్మల కొలతలో మాత్రం అది 48 మిల్లీమీటర్లు, దాదాపు అయిదు సెంటీమీటర్ల బీట. బల్లను, కుర్చీలను, గిన్నెలను, మనుషులను పన్నెండో వంతుకు కుదించాం. కాంతిని మాత్రం కుదించలేకపోయాం. అది మన ఇంట్లో ఎలా నడుస్తుందో బొమ్మల ఇంట్లోనూ అలాగే నడిచింది. ఆ తర్వాత మాకు ఎదురైన చిక్కుల్లో, అందాల్లో చాలావరకు ఇక్కడినుంచే వచ్చాయి.

సందు తగ్గాలంటే అద్దం పలచబడాలి. అందుకని 1 మిల్లీమీటరు మందం ఉన్న అక్రిలిక్ అద్దం తెచ్చాం. సందు 1.3 మిల్లీమీటర్లకు దిగింది, బల్ల దాదాపు గుండ్రమైంది. పాప సంబరం ఆ పూట మధ్యాహ్నం దాకానే నిలిచింది. పొద్దున చల్లపూట ఆ రేకును రెండు చెక్క పట్టీల మధ్య బిగువుగా ఇరికించి, ఎండ తగిలే వరండాలో పెట్టాను. తిరిగి చూసేసరికి అద్దంలోని బొమ్మలు తిరునాళ్ళలో నవ్వించే అద్దాల్లో లాగా సన్నగా సాగిపోయాయి. వేడికి అక్రిలిక్, గాజు కన్నా ఇంచుమించు ఎనిమిది రెట్లు ఎక్కువ వ్యాకోచిస్తుంది. 25 సెంటీమీటర్ల రేకు 20 డిగ్రీల వేడి పెరిగితే 0.35 మిల్లీమీటర్లు సాగుతుంది. వెంట్రుకలు నాలుగైదు పక్కపక్కన పేర్చినంత. కాని రెండు చివరలూ కదలనివ్వకపోతే ఆ కాస్త సాగుదలకు రేకు మధ్యలో వచ్చే పొట్ట దాదాపు 6 మిల్లీమీటర్లు! లెక్క వేసి చూసుకుని నేనే నమ్మలేక మళ్ళీ వేశాను. రేకు గదిలోకి ఉబ్బింది గనక అడ్డంగా కుంభాకార దర్పణమైంది, వెడల్పులు కుంచించుకుపోయాయి, ఎత్తులు అలాగే ఉండిపోయాయి. రైలు పట్టాల మధ్య సందులు ఎందుకు వదులుతారో ఆ కారణానికే మేమూ ఒక చివర మిల్లీమీటరు ఖాళీ వదిలి, పై అంచును మాత్రం రెండు వైపులా అంటుకునే టేపుతో పట్టించాం. కడప వేసవిలో అక్రిలిక్ అద్దం అంటించేవారెవరైనా ఈ ఖాళీ మరిచిపోకూడదు.

మిగిలిపోయిన గాజు అద్దాన్ని కుడిగోడకు పెట్టింది పాపే. రెండు అద్దాలు ఎదురెదురు పడ్డాయి. మధ్యలో చిన్న ఎల్‌ఈడీ దీపం వేలాడదీసి వెలిగించగానే హాలు వీధిలాగా సాగిపోయింది. గది పక్కన గది, దాని పక్కన గది, ప్రతి గదిలో దీపం.

ఇక్కడ మా గది వెడల్పు అనుకోకుండా ఒక చక్కని సంఖ్య అయింది. కాంతి సెకనుకు సుమారు మూడు లక్షల కిలోమీటర్లు వెళుతుంది. సెకనులో వంద కోట్లవ వంతు నానోసెకండు; ఆ వ్యవధిలో కాంతి నడిచే దూరం దాదాపు సరిగ్గా 30 సెంటీమీటర్లు. అంటే మా హాలు అడ్డంగా ఒక నానోసెకండు. వరసలో పదో ప్రతిబింబం నుంచి కంటికి చేరే వెలుగు, అసలు దీపం నుంచి నేరుగా వచ్చే వెలుగు కన్నా పది నానోసెకండ్ల ముందు బయలుదేరింది. ఇరవయ్యోది ఇరవై నానోసెకండ్ల ముందు. ఆకాశంలో నక్షత్రాల పాత వెలుగును చూస్తున్నామని చెబుతారు కదా, చెక్కపెట్టెలోనూ అదే జరుగుతోంది. పక్కపక్కనే వెలుగుతున్నట్టు కనిపించే ఆ దీపాల్లో ఏ రెండిటి వయసూ ఒకటి కాదు. పాపకు ఇది చెప్పినప్పుడు, "అయితే చివరి దీపం ముసలిదా?" అని అడిగింది. ముసలిది కాదు, ఆ దీపం చిన్నప్పటి ఫోటో అన్నాను.

వరస ఎంత దూరం పోతుంది? మంచి అద్దమైనా తన మీద పడ్డ వెలుగులో నూటికి తొంభై వంతులు తిరిగిస్తుందనుకుందాం. పదిసార్లు తగిలితే మిగిలేది 35 వంతులు, ఇరవైసార్లకు 12, నలభైసార్లకు ఒకటిన్నర. మసకబారడంతో పాటు రంగు కూడా మారింది. దూరపు గదులు లేత ఆకుపచ్చకు తిరిగాయి. అద్దాల కొట్టులో పేర్చిన గాజు పలకల అంచులు ఆకుపచ్చగా ఉంటాయి, ముందునుంచి చూస్తే అదే గాజుకు రంగే ఉండదు. మామూలు గాజులో కొద్దిగా ఇనుము ఉంటుంది, అది ఎరుపును ఎక్కువగా మింగుతుంది. 3 మిల్లీమీటర్లలో ఆ నష్టం కంటికి ఆనదు. ఇరవయ్యో దీపం వెలుగు కుడివైపు గాజు అద్దానికి పదిసార్లు తగిలి, తగిలినప్పుడల్లా 6 మిల్లీమీటర్ల గాజులోంచి పోయివస్తుంది. అంతా కలిపితే 6 సెంటీమీటర్ల గాజు. ఎడమవైపు కూడా గాజే పెట్టి ఉంటే 12 అయ్యేది. అక్రిలిక్‌లో ఆ ఇనుము లేదు గనక మాకు పచ్చదనం సగమే వచ్చింది.

వరస తిన్నగా కూడా లేదు, దూరం పోయేకొద్దీ వెనక్కి వంగింది. స్కేలు పెట్టి చూస్తే గది వెనక అంచు దగ్గర కన్నా ముందు అంచు దగ్గర 4 మిల్లీమీటర్లు ఎక్కువ వెడల్పు ఉంది. రెండు గోడల మధ్య ఒక డిగ్రీ తేడా అన్నమాట. ఆ గోడలను ఊహలో పొడిగిస్తే పెట్టె వెనక సుమారు 18.5 మీటర్ల దూరంలో కలుస్తాయి, ప్రతిబింబాలన్నీ ఆ కలిసే గీతను కేంద్రంగా చేసుకుని ఒకే వలయం మీద నిలబడతాయి. వలయానికి చుట్టుకొలత ఉంటుంది గనక దీపాల సంఖ్యకు హద్దు పడిపోయింది. గోడలు అణువంతైనా తేడా లేకుండా సమాంతరంగా ఉంటేనే వరసకు అంతులేదు. అట్టముక్కలు దూర్చి సరిచేశాను.

మూడో అద్దం, వెనక గోడకు. దీని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది: ముందువైపు తెరిచి ఉన్న బొమ్మరింటికి వెనక గోడ ఎప్పుడూ అద్దం కాకూడదు. పక్క అద్దాలు కాంతి దిశలో ఎడమ, కుడులను మాత్రమే తారుమారు చేస్తాయి. లోపలికి పోయే చూపు ఎన్నిసార్లు గోడలకు తగిలినా లోపలికే పోతుంది, అందుకే పక్క గోడల్లో మన ముఖం కనబడదు. వెనక గోడ ఆ చూపును మన మీదికే తిప్పుతుంది. అద్దం ముక్క వెనక నిలబెట్టి చూస్తే బొమ్మల హాలు అవతల పన్నెండు రెట్లు పెద్ద ముఖం తొంగి చూసింది. ఇల్లు కాస్తా పెట్టె అయిపోయింది.

కాని ఆ ముక్క తీసే ముందు మూల దగ్గర ఒక వింత దొరికింది. లంబకోణంలో కలిసిన రెండు అద్దాలు మూడు ప్రతిబింబాలు ఇస్తాయి, మధ్యది తారుమారు కాదు. "కడప" అని రాసిన కాగితం మూలలో పెడితే మధ్య ప్రతిబింబంలో తిన్నగా చదువుకోవచ్చు. నేల మీద కూడా ఒక ముక్క పరిస్తే ఆ మూల, ఏ దిక్కునుంచి వచ్చిన కాంతినైనా వచ్చిన దిక్కుకే పంపుతుంది. సైకిళ్ళ వెనక ఎర్రటి రిఫ్లెక్టర్లలో ఉన్నవి ఇలాంటి సన్నని మూలలే. 1969లో అపోలో 11 యాత్రికులు ఇలాంటి మూలలు వంద అమర్చిన పలకను చంద్రుడి మీద వదిలి వచ్చారు. భూమి నుంచి పంపిన లేజరు పోయి తిరిగి వచ్చే సమయాన్ని బట్టి చంద్రుడి దూరాన్ని కొలుస్తారు. మన చంద్రయాన్-3 విక్రమ్ మీద కూడా అరచేతిలో ఇమిడే అలాంటి పరికరం ఉంది. 2023 డిసెంబరు 12న చంద్రుడి చుట్టూ తిరుగుతున్న నాసా నౌక లేజరు వేస్తే అది జవాబు ఇచ్చింది. పాప టార్చి పట్టుకుని ఆ మూలలోకి వెలుతురు వేస్తూ చాలాసేపు కూర్చుంది. ఎటు జరిగినా వెలుగు తన దగ్గరికే వచ్చింది.

నేలకు చివరికి అద్దం వద్దనుకుని, నునుపు పట్టిన నల్లటి కడప రాయి ముక్క వేశాం. నిటారుగా చూస్తే అది నూటికి సుమారు అయిదు వంతుల వెలుగే తిప్పుతుంది. బొమ్మల కంటి ఎత్తుకు వంగి ఏటవాలుగా చూస్తే ఎన్నో రెట్లు ఎక్కువ తిప్పి, నీళ్ళు చల్లిన వాకిలిలా మెరుస్తుంది.

ఇక ఆ దీపాల వీధిని నట్టనడి నుంచి చూడాలి. కుడివైపు అద్దం వెనక పూతను 6 మిల్లీమీటర్ల గుండ్రంగా గీకి, చెక్కకు రంధ్రం చేశాను. కన్ను ఆనించి చూస్తే వరస నేరుగా ఎదురుగా సాగుతుంది, కాని సరిగ్గా నడిమధ్యన ఒక నల్లటి చుక్క. అది అరవై సెంటీమీటర్ల దూరంలో కనిపించే మన రంధ్రపు ప్రతిబింబం, అందులో మన కనుపాపే. దూరం పోయేకొద్దీ దీపాలన్నీ ఆ బిందువు వైపే దిగుతాయి. మా దీపం రంధ్రం కన్నా 5 సెంటీమీటర్లు ఎత్తున ఉంది. లెక్క ప్రకారం ముప్పైమూడో దీపం దగ్గర చుక్క అడ్డు వస్తుంది. దసరా నాడు కొలువు చూడవచ్చిన పిల్లలందరికీ పాప ఆ రంధ్రం చూపించి దీపాలు లెక్కపెట్టించింది. తను లెక్కపెడితే పదిహేడు వచ్చాయి. హాల్లో ట్యూబులైటు ఆర్పించి మళ్ళీ కన్ను ఆనించింది. ఈసారి ఇరవై రెండు.