రాజీ పడని రాజీ

ఇప్పటి టెహ్రాన్ నగరానికి ఆనుకుని రే అనే పాత ఊరుంది. మన ఇంటిపేర్లలో ఊళ్ళ పేర్లు చేరినట్టే, ఆ ఊరివాడు కాబట్టి ముహమ్మద్ ఇబ్న్ జకరియాకు 'అల్ రాజీ' అన్న పేరొచ్చింది. 9వ శతాబ్దం మధ్యలో పుట్టి, 10వ శతాబ్దం మొదటి పాతికేళ్ళ దాకా బతికాడు. వైద్యుడిగా రేలోనూ, బాగ్దాదులోనూ ఆసుపత్రులకు పెద్దగా పనిచేశాడు.

నాసిరకం లోహాన్ని బంగారంగా మార్చవచ్చని ఆయన నిజంగానే నమ్మాడు. ఇప్పుడు నవ్వొస్తుంది కానీ, ఆ ఆశతో కొలిమి దగ్గర చేసిన పని మాత్రం నవ్వుకునేది కాదు. ఇలా బంగారం చేయాలని చూసే అప్పటి రసవాదులు చాలామంది తమ విద్యను పొడుపుకథల్లో దాచేవారు. రాజీ మాత్రం ఏ పదార్థం వాడాలి, ఏ పాత్రలో వెయ్యాలి, ఎలా కాచాలి అని వంట చెప్పినంత తేటగా రాశాడు. ఖనిజాలను ఆరు రకాలుగా విడదీశాడు. వేడి తగిలితే ఎగిరిపోయే పాదరసం, గంధకం, నవాసారం, తాళకం (ఆర్సెనిక్ ఉన్న ఖనిజం) ఒక జట్టు. లోహాలు, రాళ్ళు, అన్నభేది (ఇనుప సల్ఫేటు) వంటివి, వెలిగారాలు (బోరాక్స్ లాంటివి), ఉప్పులు మిగతా ఐదూ.

వైద్యంలోనూ ఇదే అలవాటు: కళ్ళారా చూడటం, రాసిపెట్టుకోవడం. మశూచి, తట్టు వేరు వేరు జబ్బులని వివరంగా రాసిన తొలి పుస్తకం ఆయనదే. నడుం నొప్పి ఎక్కువగా ఉంటే మశూచి, కంగారూ వికారమూ ఎక్కువైతే తట్టు అని గుర్తులు చెప్పాడు. కారణం దగ్గర మాత్రం బోల్తాపడ్డాడు. ద్రాక్షరసం పులిసినట్టు పిల్లల ఒంట్లో రక్తం పులియడం వల్లే మశూచి వస్తుందనుకున్నాడు.

నాకు బాగా నచ్చినది ఇంకొకటుంది. మెదడువాపు లాంటి జబ్బు రాబోతున్న గుర్తులు కనిపించిన రోగుల్లో కొందరికి రక్తం తీయించాడు, కొందరికి కావాలనే తీయించలేదు. తేడా చూద్దామని! తీయించనివాళ్ళకే జబ్బు ముదిరిందని రాసుకున్నాడు. రక్తం తీయడం మంచిదన్న ఆ తీర్పును ఇప్పుడెవరూ ఒప్పుకోరు. రోగుల్ని అలా వదిలేయడమూ మనకు మింగుడుపడదు. కానీ రెండు జట్లు పెట్టి పోల్చి చూడాలన్న ఆలోచన వెయ్యేళ్ళ కిందటిదంటే ఆశ్చర్యం కాదా? అప్పటి వైద్యులందరూ తలవంచే పాతకాలపు గ్రీకు వైద్యుడు గేలెన్ మాటల్నే తప్పుపడుతూ ఏకంగా ఒక పుస్తకం రాసినవాడు మరి.

ఒక్క ఏడాదిలో తావీజుల మీది అక్షరాలంత సన్నని రాతతో ఇరవై వేల పేజీలకు పైగా రాశానని ఆయనే చెప్పుకున్నాడు. చివరికి చూపు మందగించింది, చేతి కండరం దెబ్బతింది. అయినా ఊరుకోక, పక్కవాళ్ళతో చదివించుకుని, రాయించుకుని పని సాగించాడు.

పోయాక ఆయన నోట్సును శిష్యులు కూర్చితే 'అల్ హావీ' అనే మహాగ్రంథమైంది. 1279లో సిసిలీలో లాటిన్‌లోకి వెళ్ళింది. దాని అరబ్బీ మూలాన్ని 1955 నుంచి 23 సంపుటాలుగా అచ్చువేసింది ఎక్కడో కాదు, మన హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్ అనే ప్రచురణ సంస్థ. ఆ పుటల్లో గ్రీకు వైద్యుల పక్కనే చరకుడి మాటలూ కనిపిస్తాయి.