బోల్టు తల మీది రెండు అంకెలు

ఒక పాఠకుడు అడిగారు: "ట్రాక్టరు ట్రాలీకి 8.8 అని రాసి ఉన్న బోల్టు పోయింది. దుకాణంలో 10.9 ఇచ్చారు. పెద్ద అంకె కదా, ఇంకా మంచిదేనా?" ఆ తలను పరికించి చూశారంటేనే ముచ్చటేసింది. చాలామంది స్పానరు పట్టుకుంటారు గానీ తల చదవరు.

ఆ చుక్క దశాంశ బిందువు కాదు. ఎడమ అంకెను నూరుతో గుణిస్తే ఆ ఉక్కు తట్టుకునే గరిష్ఠ ఒత్తిడి మెగాపాస్కల్స్‌లో (అంటే చదరపు మి.మీ.కు ఎన్ని న్యూటన్ల బలమో) వస్తుంది: 800. అందులో ఎన్నో వంతు దగ్గర బోల్టు శాశ్వతంగా సాగిపోవడం మొదలవుతుందో కుడి అంకె చెబుతుంది: పదింట ఎనిమిది వంతులు, అంటే 640. 12 మి.మీ. మామూలు మర బోల్టుకు లెక్కలోకి వచ్చే వైశాల్యం 84.3 చదరపు మి.మీ. అంటే సుమారు అయిదున్నర టన్నుల బరువుతో లాగినా వదిలేస్తే తిరిగి తన పొడవుకు వస్తుంది. ఏడు టన్నుల దగ్గరకు వచ్చేసరికి తెగే ప్రమాదం మొదలవుతుంది. ఇంజినీరింగ్ తరగతుల్లో ఎంత ఒత్తిడికి ఉక్కు ఎంత సాగుతుందో చూపే వక్రరేఖను బోర్డు మీద ఏళ్ల తరబడి గీయిస్తారు. అదే రేఖ ఒక బోల్టు తల మీద రెండు అంకెలుగా కూర్చుందని చూపించడానికి మాత్రం తీరిక దొరకదు.

అసలు రుచి ఇక్కడ ఉంది. 4.6 బోల్టయినా 12.9 బోల్టయినా ఉక్కు బిరుసుతనం దాదాపు ఒకటే. ఒకే లావు బోల్టులను ఒకే బలంతో లాగితే రెండూ ఒకే మేర సాగుతాయి. తేడా అంతా ఎంత దూరం సాగి వెనక్కి రాగలవన్నదే. బిగింపులో 100 మి.మీ. పొడవున్న 4.6 బోల్టు 0.12 మి.మీ. దాకా సాగి తిరిగి రాగలదు. 8.8 అయితే 0.31, 12.9 అయితే 0.53. నట్టు బిగించడమంటే బోల్టును ఇలా సాగదీయడమే. ఆవకాయ జాడీ మీది గుడ్డకు రబ్బరు బ్యాండు వేసినట్టు: వదులుగా వేస్తే గుడ్డ కాస్త జారగానే పట్టు పోతుంది, బాగా లాగి వేస్తే ఎంతో కొంత మిగులుతుంది. పలకల మధ్య రంగుపూత నలిగి 0.05 మి.మీ. తగ్గిందనుకోండి. అంచు దాకా బిగించిన 4.6 బోల్టు తన పట్టులో సుమారు 40 శాతం పోగొట్టుకుంటుంది. 8.8 బోల్టుకు పోయేది 16 శాతమే. ట్రాలీ కుదుపులకు నట్లు వదులయ్యే కథలో ఇది పెద్ద భాగం. దిష్టి తగిలిందని నిమ్మకాయ కట్టేవారు ముందు బోల్టు తల చూడాలని నా మనవి.

కనుక పాఠకుడికి జవాబు: పాత బలంతోనే బిగిస్తే 10.9 వల్ల పట్టు ఏమీ పెరగదు. లాభం కావాలంటే ఎక్కువ బిగించాలి, అప్పుడు నట్టు కూడా 10 తరగతిది ఉండాలి. లేకుంటే బోల్టు తెగక ముందే నట్టు మరలు ఊడిపోవచ్చు.

అమెరికా యంత్రాల మీద అంకెలకు బదులు గీతలు ఉంటాయి. మూడు గీతలుంటే గ్రేడ్ 5, ఆరుంటే గ్రేడ్ 8. గ్రేడ్ 8 మన 8.8 కాదు, 10.9కు దగ్గర. అక్కడ ఒకప్పుడు చవక గ్రేడ్ 8.2 ఉక్కు మీద గ్రేడ్ 8 ముద్ర కొట్టి అమ్మారు. అది వేడికి త్వరగా మెత్తబడే ఉక్కు. నకిలీ ముద్రల గోల ముదిరి 1990లో ప్రత్యేక చట్టమే వచ్చింది.

పెద్ద అంకెకు మరో చిక్కు ఉంది. గట్టి ఉక్కులోకి హైడ్రోజన్ చేరితే అది పెళుసవుతుంది. 2013 మార్చిలో శాన్‌ఫ్రాన్సిస్కో బే బ్రిడ్జి కొత్త భాగంలో జింకు పూత వేసిన మూడు అంగుళాల లావు కడ్డీలను బిగిస్తే, 96లో 32 కొద్ది రోజుల్లోనే తెగిపోయాయి. విద్యుత్ పూత వేసేటప్పుడూ ఉక్కులోకి హైడ్రోజన్ చేరే వీలుంది, అందుకే 12.9కు ఆ పూత వేయించడానికి జంకుతారు.

కొన్నిచోట్ల తెగడమే బోల్టు పని. ట్రాక్టరు ఇంజను శక్తిని పనిముట్టుకు అందించే పీటీఓ షాఫ్టులో షియర్ బోల్టు ఉంటే, రోటవేటరుకు రాయి అడ్డుపడినప్పుడు అది తెగి గేరుబాక్సును కాపాడుతుంది. అక్కడ యంత్రం పుస్తకంలో రాసిన అంకె కంటే పెద్దది వేయకండి.